పరాయి ఊరి పంక్తి

శ్రోతలారా, ఊరు విడిచివచ్చిన మనిషికి కొత్త ఊరిలో మొదట ఎదురుపడునది ఆకలి. అద్దె ఇల్లు దొరకుటకు నెల పట్టవచ్చును. మనసిచ్చి మాటలాడు స్నేహితుడు దొరకుటకు ఏడాది పట్టవచ్చును. ఆకలి మాత్రము రైలు దిగిన గంటకే పలకరించును. అప్పుడా మనిషి వీధికి రెండు వైపులా చూచుచు నడచును. నలుగురు కూర్చుండి తినుచున్న చోట ఆగును. లోపలికి పోవచ్చునా, ఏ బల్ల దగ్గర కూర్చుండవలెను, జేబులోని డబ్బు చాలునా అని గడప దగ్గర ఒక్క క్షణము తటపటాయించును. ఆ ఒక్క క్షణమును గురించియే ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచినాము.

ఈ ప్రసంగము కొరకు తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో కొన్ని దినములు తిరిగినాము. మూడును కృష్ణ పడమటి డెల్టాలోనివే. మొన్నమొన్నటి వరకు మూడును గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిలులో బాపట్ల కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో చేరినది, తెనాలి పాత జిల్లాలోనే మిగిలినది. ఈ ఊళ్ళకు ఒక సమాన లక్షణమున్నది. ఇవి తమ బిడ్డలను దూరదేశములకు పంపుచుండును. దూరదేశపు బిడ్డలను తమలోనికి రప్పించుకొనుచుండును. తెనాలి కుర్రవాడు హైదరాబాదులో మెస్సు వెదకుకొనుచున్న వేళకే, ఒడిశా కుర్రవాడు రేపల్లెలో హోటలు వెదకుకొనుచున్నాడు. అందుచేత పరాయి ఊరి భోజనమును గురించి తెలిసికొనుటకు ఇంతకంటె తగిన చోటు లేదని మాకు తోచినది.

పరాయి ఊరిలో కొనుక్కొని తినుట మనకు కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామములో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు కాకతీయుల ఓరుగల్లులో ఒక దినమంతయు తిరుగుదురు. అందులో ఒక పూటకూటి ఇంటి భోజనము వర్ణింపబడినది. మేలురకపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు, ఇవన్నియు ఒక్క రూకకు లభించెడివట. ఆనాటి రూక ఈనాటి ఎన్ని రూపాయలతో సమానమో లెక్క కట్టుట మా పని కాదు. ఏమేమి వడ్డించినారు, ఎంత పుచ్చుకొన్నారు అని కవి వరుసగా చెప్పుట చూడగా, బాటసారికి ఆనాడును ఆ రెండు ప్రశ్నలే ముఖ్యమని తెలియుచున్నది.

బయట తిండి నచ్చక విసిగికొన్నవారిలో అగ్రగణ్యుడు శ్రీనాథుడు. ఆయన పేర ప్రచారములో ఉన్న చాటువులలో పలనాటి జొన్నకూటి మీద విసుగు ఉన్నది, కన్నడదేశపు భోజనము మీద అంతకు మించిన విసుగు ఉన్నది. సన్నన్నమునకు అలవాటుపడిన నాలుక పరాయి గడ్డ మీద పడు అవస్థకు అవి సాక్ష్యములు. ఇక 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన కన్యాశుల్కములో విజయనగరపు పూటకూళ్ళమ్మ లేనిచో గిరీశమునకు తిండియు లేదు, అప్పును లేదు. పూటకూళ్ళ ఇంటిలో అన్నమే కాక, నమ్మకము కూడ అరువునకు దొరకెడిదని ఆ నాటకము చూచినవారికి తెలియును.

అయితే పూటకూళ్ళ ఇంటికి, నేటి హోటలునకు ఒక పెద్ద తేడా ఉన్నది. పూటకూళ్ళ ఇల్లు మొదట ఇల్లు, తరువాతనే అంగడి. ఆ ఇంటి ఆచారమును బట్టి ఎవరు పంక్తిలో కూర్చుండవలెనో, ఎవరు వసారాలో కూర్చుండవలెనో, ఎవరు అసలు రాకూడదో నిర్ణయమై ఉండెడిది. ఆకలి అందరిదీ ఒక్కటే అయినను విస్తరి అందరిదీ ఒక్కటి కాదు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మనవి. తిరిగి దీని దగ్గరకే రావలసి ఉన్నది.

1899లో బెజవాడ మద్రాసుల మధ్య రైలుదారి పూర్తియైనది. తెనాలి, బాపట్ల రెండును ఆ దారి మీదివే. తరువాత తెనాలి నుండి రేపల్లెకు శాఖ పడినది. అక్కడితో పట్టాలు ఆగిపోవును. రైలు వచ్చిన తరువాత మనుష్యుల రాకపోకలు పెరిగినవి, కాఫీ వచ్చినది, కాఫీతో హోటలు వచ్చినది. పూటకూళ్ళ ఇంటిలో వేళకు వండిన అన్నమే దొరకును. హోటలులో తెల్లవారుజామున ఇడ్డెన్లు, పది గంటలకు పెసరట్టు, మూడు గంటలకు కాఫీ, ఇట్లు వేళ కాని వేళ కూడ ఏదో ఒకటి దొరకును. కాఫీ దురలవాటని పెద్దలు కోపగించుచుండగనే పిల్లలు దానికి అలవాటుపడినారు. కొంతకాలమునకు పెద్దలును అలవాటుపడినారు.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. మన పట్టణములలో ఉడిపి హోటలు అను బోర్డు లేని పట్టణము అరుదు. ఉడిపి ఎక్కడ, తెనాలి ఎక్కడ! పడమటి సముద్రతీరమున పుట్టినవారు వానలకు, పేదరికమునకు ఓర్చి తూర్పు దేశమునకు వచ్చి, ఒకరి వంటింటిలో పిండి రుబ్బి, పాత్రలు తోమి, పైకము కూడబెట్టి, తామే హోటళ్ళు పెట్టినారు. మద్రాసులో వుడ్‌లాండ్స్ హోటలును స్థాపించిన కృష్ణారావుగారి జీవితము ఇట్టిదే; వంటింటి కూలిపనితో ఆరంభించి దక్షిణదేశమంతట పేరు గడించినారు. ఆయన సంస్థ 1962లో మద్రాసులో నెలకొల్పిన డ్రైవ్ ఇన్ హోటలు 2008 వరకు నడచినది. కారులో కూర్చుండి దోసె తినుట ఆనాడొక వింత; కాలేజీ పిల్లలు, సినిమావారు అక్కడ గంటల తరబడి కాలక్షేపము చేసెడివారు. ఊరు విడిచినవారి ఆకలి తీర్చినవారును ఊరు విడిచినవారే అన్న సంగతి మనము సాధారణముగా మరచిపోవుదుము.

ఆ మద్రాసులో తెనాలివారు తక్కువమంది కారు. 1947లో అక్కడ చందమామ మాసపత్రికను నాగిరెడ్డిగారితో కలిసి ఆరంభించిన చక్రపాణిగారు తెనాలివారు. 1952 మొదలుకొని ఆ పత్రికలో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో తెనాలిలో జన్మించినవారు. వీరి వెనుకనే నటులు, రచయితలు, అచ్చుపనివారు, స్టూడియోలలో దినకూలీలు ఎందరో ఆ రైలెక్కినారు. త్యాగరాయనగరులో పానగల్లు పార్కు బెంచీల మీద కూర్చుండి సినిమా వేషము కొరకు ఎదురుచూచిన తెలుగు యువకుల సంఖ్య ఎంతో చెప్పలేము. వారికి ఉదయము ఒక కాఫీ, మధ్యాహ్నము ఒక ప్లేటు భోజనము, రాత్రికి ఏదో ఒకటి. పప్పు ఉండవలసిన చోట సాంబారు వచ్చినది. కారము తగ్గినది. గోంగూర కలలోని మాట అయినది. సెలవులకు ఇంటికి వచ్చి తిరిగి పోవునప్పుడు ట్రంకు పెట్టెలో బట్టలకంటె ముందు ఆవకాయ జాడీ సర్దుకొనెడివారు. ఆ జాడీ ఎవరి గదిలో ఉండునో ఆ గదికి ఆదివారము నాడు స్నేహితులు ఎక్కువ.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధాని అయినది. ఆఫీసులకు కట్టడములు చాలక గుడారములు వేసినారు. మద్రాసులో స్థిరపడిన గుమాస్తాలు ఆ గుడారములలో పనిచేసినారు. మూడేండ్లు గడచినవో లేదో, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి, మూటలు కట్టుకొని హైదరాబాదు చేరవలసివచ్చినది. డెల్టావారికి అక్కడి వీధి మొగలో ఇరానీ హోటలు కనిపించినది. పాలు వేరుగా చిక్కగా మరగించి, డికాక్షను వేరుగా మూతపెట్టి కాచి, కప్పులో రెండును కలిపి ఇచ్చు ఆ టీ కొత్త రుచి. కాఫీ తప్ప ఎరుగని నాలుక మొదట ఒప్పుకొనలేదు, తరువాత వదలలేదు. ఉస్మానియా బిస్కత్తును సాసరులోని టీలో ముంచి తినుచు అరగంట కూర్చుండినను లెమ్మని కసరువాడు లేడు. ఆ హోటళ్ళు పెట్టినవారి పూర్వులు ఇరాను దేశము నుండి బ్రతుకుతెరువు కొరకు వచ్చినవారు. కర్నూలు మీదుగా వచ్చిన తెనాలి గుమాస్తాకు, పారశీకము నుండి వచ్చిన వ్యాపారి మనుమడు టీ అందించినాడు. ఇద్దరికిని ఆ ఊరు పుట్టిన ఊరు కాదు. కాని ఆ బల్ల దగ్గర ఇద్దరును ఊరివారే అయినారు.

ఇప్పుడు మా ప్రయాణమునకు వచ్చెదము. తెనాలిలో రాత్రి భోజనము చేసి, మరునాడు ఉదయము బాపట్ల పోవు రైలు ఎక్కినాము. దారిలో మొట్టమొదట వచ్చు స్టేషను చుండూరు. చిన్న స్టేషను, చుట్టును పచ్చని చేలు. ఈ ఊరిలో 1991 ఆగస్టు 6వ తేదీన ఎనిమిదిమంది దళితులు హత్యచేయబడినారు. దానికి ముందు నెలలో సినిమాహాలులో ఒకరి కాలు మరొకరికి తగిలినదన్న తగవుతో గొడవ రాజుకొన్నది. 2007లో ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధించినది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. భోజనము మీద ప్రసంగములో ఈ విషాదమెందుకని ఎవరైనను అడుగవచ్చును. పదిమంది పక్కపక్కన కూర్చుండు చోటు, అది సినిమాహాలు కానిండు, కాఫీ హోటలు కానిండు, మన దేశములో ఏనాడును అల్పవిషయము కాలేదు. అందుకే ఆ మాట ఎత్తవలసివచ్చినది.

అదే రైలులో మా ఎదుట కూర్చుండిన వృద్ధుడొకరు మాతో మాట కలిపినారు. మా చేతిలోని యంత్రమును చూచి, దేనిని గురించి రికార్డు చేయుచున్నారని అడిగినారు. పరాయి ఊళ్ళలో మనవారి భోజనమును గురించి అని చెప్పినాము. ఆయన నవ్వి, తాను 1960ల చివర పద్దెనిమిదేండ్ల వయస్సులో మద్రాసు పోయి హార్బరులో మూటలు మోసినానని చెప్పినారు. పరాయి ఊరిలో తిండికి కష్టపడినారా తాతగారూ అని అడిగినాము. ఆయన చెప్పిన మాటలు ఆయన నోటి మాటలుగనే వినిపించెదము.

“కష్టమేమిటి బాబూ, మద్రాసులోనే నేను మొదటిసారి బల్ల మీద కూర్చుని కాఫీ తాగింది. మా ఊళ్ళో నన్ను ఎరగనివాడు లేడు. అదే నాకు వచ్చిన చిక్కు. టీ కొట్టు బయట చూరులో మా గ్లాసు వేరే పెట్టి ఉండేది. తాగి, మేమే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. మద్రాసులో నేనెవరో ఎవడికి తెలుసు? లోపలికెళ్ళి కూర్చున్నా. డవరాలో గ్లాసు పెట్టి తెచ్చాడు. తాగేశాక, ఈ గ్లాసు ఎవరు కడుగుతారా అని చూస్తూ అట్లాగే కూర్చున్నా. ఒక కుర్రాడొచ్చి తీసుకెళ్ళిపోయాడు. అంతే. డబ్బులిచ్చి బయటికొచ్చా. ఆ రోజు ఇంకో కాఫీ తాగటానికి డబ్బుల్లేవు గాని, లేకపోతే తాగేవాడినే.”

శ్రోతలారా, పరాయి ఊరి భోజనమనగానే మనము ఇంటి మీది బెంగను గురించి మాట్లాడుదుము. అమ్మచేతి వంట, పెరటి గోంగూర, వెన్న కాచిన నేయి, ఇవన్నియు తలచుకొని నిట్టూర్చుదుము. ఆ బెంగ నిజమే. కాని ఆ బెంగ కూడ అందరిదీ ఒకే తీరు కాదని ఆ తాతగారు మాకు నేర్పినారు. సొంత ఊరిలో పంక్తి ఉన్నవానికి పరాయి ఊరు లోటుగా కనిపించును. సొంత ఊరిలో పంక్తియే లేనివానికి పరాయి ఊరు పీట వేసినట్లుండును. తనను ఎవరును ఎరుగకపోవుట ఒకనికి ఒంటరితనము, మరొకనికి విముక్తి.

అయితే పట్టణపు హోటళ్ళు మొదటి నుండి అందరికిని తలుపులు తెరచినవని చెప్పినచో అది అబద్ధమగును. రైల్వే స్టేషనులలోని భోజనశాలలలో సయితము ఒకనాడు బ్రాహ్మణులకు వేరు గది, ఇతరులకు వేరు గది ఉండెడివి. మద్రాసులో ఒక హోటలు బోర్డు మీది ‘బ్రాహ్మణ’ శబ్దమును తొలగింపవలెనని 1957లో సైతము ఆందోళన జరుగవలసివచ్చినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములో పదునైదవ అధికరణము దుకాణములను, హోటళ్ళను, ప్రజలు భోజనము చేయు స్థలములను పేరు పెట్టి చెప్పి, మతమును బట్టి గాని, కులమును బట్టి గాని ఎవరిని కూడ అచ్చట అడ్డగింపరాదని శాసించినది. పదునేడవ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో దానిని నేరముగా శిక్షించు చట్టము వచ్చినది. 1976లో అదే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైనది. దేశమునకు రాజ్యాంగము వ్రాయుచున్న మహానుభావులు కాఫీ హోటలును ఎందుకు తలచుకొన్నారో, చూరులోని గ్లాసు సంగతి తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

బాపట్ల చేరినాము. ఇది 1913లో మొదటి ఆంధ్రమహాసభ జరిగిన ఊరు. నానా జిల్లాల ప్రతినిధులు ఒక చోట చేరి తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రము మాట ఆలోచించిన ఊరు. 1945లో ఇక్కడ వ్యవసాయ కళాశాల నెలకొన్న తరువాత, శ్రీకాకుళము నుండి రాయలసీమ వరకు గల పిల్లలు వచ్చి చేరినారు. తరువాత ఇంజనీరింగు కళాశాల వచ్చి ఆ సంఖ్య ఇంకను పెరిగినది. హాస్టలులో చోటు దొరకనివారు, దొరికినను అక్కడి కూర గిట్టనివారు ఊరిలోని మెస్సులను ఆశ్రయింతురు. మేము ఒక మెస్సులో మధ్యాహ్నము కూర్చుండినాము. ముందు గది, వెనుక వంటిల్లు, నడుమ నాలుగు బల్లలు. నెలకు ఒకేసారి పైకము కట్టినవారికి టిక్కెట్ల పుస్తకము ఇత్తురు. పూటకొక టిక్కెట్టు చింపి గల్లాపెట్టె దగ్గర ఇచ్చి కూర్చుండవలెను. ఊరికి పోయిన పూటల టిక్కెట్లు వచ్చే నెలకు చెల్లునా చెల్లవా అన్నది ప్రతి మెస్సులోను తీరని వివాదము.

ఆ మెస్సు నడపు ఇల్లాలిని పిల్లలందరు పిన్నిగారు అని పిలుచుచున్నారు. ఆమె అన్నము వడ్డించుచునే లెక్క చూచుకొనును. ఎవడు రెండుపూటలుగా రాలేదో ఆమెకు తెలియును. “నెలాఖరున రాడు సార్. డబ్బులైపోయి ఉంటాయి. వాడి స్నేహితుడితో కబురు పెడతా, వచ్చి తినమని. ఇంటి నుంచి రాగానే ఇస్తాడు,” అని మాతో అన్నది. ఎగవేసినవారు లేరా అని అడిగినాము. “ఉన్నారు. ఉద్యోగమొచ్చాక పెళ్ళిపత్రికతో వచ్చి ఇచ్చి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు,” అన్నది. విజయనగరపు పూటకూళ్ళమ్మ అరువు పద్దు ఇంకను మూయబడలేదని మాకు తోచినది. కాని ఒక మార్పు ఉన్నది. ఈ పిన్నిగారి బల్ల దగ్గర ఎవని ఇంటిపేరును ఎవరును అడుగలేదు. టిక్కెట్టు మాత్రమే అడిగినారు.

తినుట చెప్పినాము గనుక త్రాగుటను గురించి చెప్పక తప్పదు. సాయంకాలము సూర్యలంక సముద్రతీరమునకు పోయిన విద్యార్థులు గోలీసోడా త్రాగి, మరమరాలు తిని, చీకటి పడకముందే తిరిగి వచ్చుట ఒక తీరు కాలక్షేపము. ఈ ఇసుకనేలలలో తాటిచెట్లు మెండు. వేసవిలో ముంజలు, శీతకాలమున తేగలు, ఏడాదిలో కొంతకాలము కల్లు. కల్లు దుకాణము, సారా దుకాణము, ఇప్పటి బారు, ఇవన్నియు పరాయి ఊరివానికి తేలికగా తలుపు తెరచును. అక్కడ కూడ కులము అడుగరు. కాని అక్కడ దొరకిన స్నేహము తెల్లవారువరకు నిలుచుట అరుదు. కూలి డబ్బు ఇంటికి చేరక ముందే చేరు చోటది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరుగబడినది తాము ఒంటరిగా ఇంటిలో పడిన అవస్థ చూచియే. 1993లో సారాను, 1995లో సమస్త మద్యమును నిషేధించినారు; 1997లో మద్యనిషేధమును సడలించినారు. చట్టములు వచ్చినవి, పోయినవి. ఇంటికి దూరముగా ఉన్న కూలివాని సాయంకాలము ఎట్లు గడచునన్న ప్రశ్న మాత్రము మిగిలినది. నలుగురు కూర్చుండి కబుర్లాడుకొనుటకు ఒక టీ కొట్టు బల్ల కూడ లేని చోట, ఆ సాయంకాలమును మద్యము ఆక్రమించుకొనును.

తిరిగి తెనాలి మీదుగా రేపల్లె పోయినాము. ఈ ప్రాంతము పరాయివారిని నేడు కొత్తగా చూచుట లేదు. దాపున ఉన్న నిజాంపట్నము రేవునకు 1611లోనే ఇంగ్లీషువారి గ్లోబ్ అను ఓడ వచ్చినది; అంతకు ముందే డచ్చివారు అక్కడ వర్తకము సాగించినారు. వారు వచ్చినది బట్టల బేరమునకు. నేడు వచ్చుచున్న ఒడిశా, బెంగాలు, బీహారు కుర్రవారు వచ్చినది చేతిపనికి. రొయ్యల చెరువుల గట్ల మీద, కట్టడముల దగ్గర వారు పనిచేయుచున్నారు. గట్టు మీది పాకలో తామే వండుకొని తినువారు కొందరు. ఊరిలోని హోటలునకు వచ్చువారు కొందరు.

ఒక చిన్న హోటలులో ఒడియా యువకుని కలిసికొన్నాము. వచ్చి రెండేండ్లు అయినదట. తెలుగులో మొదట నేర్చుకొన్న మాటలేవని అడిగినాము. “ఇంకొంచెం పప్పు, అక్కా” అని చెప్పి నవ్వినాడు. వాని నాడులో పఖాళ అని ఒకటి ఉన్నది. రాత్రి అన్నములో నీళ్ళు పోసి ఉంచి, మరునాడు పెరుగుతోనో, ఉల్లిపాయతోనో తినుదురు. వేసవిలో అది తలపునకు వచ్చి, హోటలు నడపు ఆమెకు చేతులతో సైగలు చేసి చెప్పినాడట. ఆమె కొంతసేపు చూచి, “ఓరి, చద్దన్నమా! దానికింత చెప్పాలా?” అన్నదట. మరునాటి నుండి వాని కొరకు ఒక గిన్నెలో అన్నము నానబెట్టి ఉంచుచున్నది. దానికి ధర లేదు, బోర్డు మీద పేరు లేదు. ఆమెను అడుగగా, “మా ఇంట్లో తినేదే కదండీ,” అని ఊరుకున్నది. పూరీ తీరమునకు, రేపల్లె తీరమునకు మధ్య ఎన్ని వందల మైళ్ళున్నను, చద్దిమూట ఒక్కటే అని ఆ గిన్నెను చూచిన తరువాత తెలిసినది.

ఇప్పుడు కాలము మారుచున్నది. ఫోనులో నాలుగు మీటలు నొక్కినచో బిరియానీ గుమ్మము ముందుకే వచ్చుచున్నది. హైదరాబాదులోను, బెంగుళూరులోను గదులలో ఉన్న మన పిల్లలు ఆ విధముగనే తినుచున్నారు. దానిలో సౌకర్యమున్నది, కాదనము. గడప దగ్గర తటపటాయించు బాధ లేదు. కాని పక్కన కూర్చుండిన మనిషియు లేడు. రెండుపూటలు రాకపోయినచో కబురుపెట్టు పిన్నిగారు లేదు. పొట్లము తెచ్చి ఇచ్చువాడు ఏ ఊరివాడో, వాడు భోజనము చేసినాడో లేదో అడుగుటకు మనకు తీరిక లేదు. ఒకనాడు మేమును తలుపు తెరచి, పొట్లము పుచ్చుకొని, ఆ మనిషి ముఖము చూడకయే తలుపు వేసికొన్నాము. ఈ ప్రయాణము తరువాత అది తలచుకొని సిగ్గుపడినాము.

పొట్లము వచ్చినను హోటలు పోలేదు. పోవలదనియే మా కోరిక. ఒక ఊరు గొప్పదో కాదో తేల్చుటకు ఆ ఊరి మేడలను, మిల్లులను లెక్కించుట ఒక పద్ధతి. మాకు తోచిన పద్ధతి వేరు. ఆ ఊరిలో ఎవరును ఎరుగని మనిషి ఒకడు ఆకలితో రైలు దిగినప్పుడు, ఏ హోటలు బల్ల దగ్గరనైనను జంకు లేక కూర్చుండగలడా? అదే ఊరిలో పుట్టి, అందరును ఎరిగిన మనిషి కూడ అదే బల్ల దగ్గర అంతే జంకు లేక కూర్చుండగలడా? ఈ రెండు ప్రశ్నలలో రెండవదే కష్టమైనది. చుండూరు స్టేషను దాటుచున్నప్పుడు ఆ తాతగారు చెప్పిన చివరి మాట అదే. “ఇప్పుడు మా ఊళ్ళో టీ కొట్లో నేనూ కూర్చుంటున్నా బాబూ. కాని లోపలికెళ్ళే ముందు ఒక్కసారి ఆగి చూస్తా. అలవాటు పోలేదు,” అన్నారు.

ఆ ఆగి చూచుట మన బిడ్డలలో ఎవరికిని మిగులకుండ చేయవలసిన బాధ్యత, హోటలు నడపువారికి ఎంత ఉన్నదో, ముందుగా వచ్చి బల్ల మీద కూర్చుండిన మనకు అంత ఉన్నది. కొంచెము జరిగి చోటిచ్చినచో చాలును. సెలవు.